ముందున్నదాన్ని అందుకోవాలంటే బ్రేకు వేయాలి

‘ఔటర్ వైల్డ్స్’ అనే అంతరిక్ష వీడియో ఆట మొదలైన కాసేపటికే ఆటగాడు ఒక చిన్న మ్యూజియంలోకి వెళ్తాడు. అక్కడ ఒక రాయి ఉంటుంది. చూస్తున్నంతసేపూ అది కదలదు, చూపు పక్కకు తిప్పి మళ్ళీ చూస్తే ఇంకోచోట ఉంటుంది. ఆ రాయిని చూసినందువల్ల ఆటగాడి సంచిలోకి కొత్త వస్తువేదీ చేరదు, ఏ తలుపూ తెరుచుకోదు, తెరమీద అభినందనలు కనబడవు. అయినా ఆటలో చాలా దూరం వెళ్ళాక ఎదురయ్యే కఠినమైన చిక్కుల్లో ఒకదానికి విత్తనం ఆ రాయి దగ్గరే పడింది. రాయి ప్రవర్తనను గమనించి మనసులో పెట్టుకున్నవాడు ఆ చిక్కు ముందు నిలబడ్డప్పుడు మళ్ళీ దాన్నే తలుచుకుంటాడు. ఆ చిక్కు ఏమిటో ఇక్కడ విప్పడం న్యాయం కాదు గనక అది అలా ఉండనిద్దాం.

ఈ తరహా ఆటలో తాళంచెవి ఆటగాడి బుర్రలోనే ఉంటుంది. తెలుగువాళ్ళకు ఇది పరాయి పద్ధతేమీ కాదు, పొడుపుకథ ఎప్పటినుంచో ఇదే పని చేస్తోంది. ‘చిటారు కొమ్మన మిఠాయి పొట్లం’ అని పొడిచినప్పుడు విప్పడానికి కావలసినదంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది. ఎత్తైన కొమ్మ, తీపి, కట్టిన పొట్లం అని మూడింటినీ కలిపి చూసుకున్నవాడికి తేనెపట్టు తడుతుంది. పొడుపుకథకు ఇంకో గుణం కూడా ఉంది. ఒకసారి జవాబు తెలిసిన మనిషికి అది మళ్ళీ తెలియనిది కాలేదు. అంతరిక్ష అన్వేషణ ఆటను తయారుచేసేవాళ్ళకు వచ్చే కష్టాల్లో ఎక్కువ భాగం, వాళ్ళకు దక్కే ఆనందంలో ఎక్కువ భాగం కూడా, ఈ రెండు గుణాల నుంచే పుడతాయి.

‘ఔటర్ వైల్డ్స్’ యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో అలెక్స్ బీచమ్ మాస్టర్స్ థీసిస్‌గా మొదలైంది. అసంపూర్ణ రూపంలోనే అది 2015లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో సీమస్ మెక్‌నాలీ గ్రాండ్ ప్రైజ్ గెలుచుకుంది. మోబియస్ డిజిటల్ అనే చిన్న స్టూడియో దాన్ని పూర్తి ఆటగా పెంచగా, అన్నపూర్ణ ఇంటరాక్టివ్ ప్రచురించింది. (పేరు చూసి మన హైదరాబాదు స్టూడియో అనుకోవద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు.) ఆట 2019 మేలో విడుదలై, 2020లో ఉత్తమ ఆటగా బాఫ్టా పురస్కారం అందుకుంది. విద్యార్థి ప్రాజెక్టు నుంచి విడుదల వరకు ఏళ్ళకు ఏళ్ళు పట్టడానికి డబ్బు, మనుషుల కొరత ఒక కారణమే అయినా, అసలు కారణం ఆట స్వభావంలోనే ఉంది. ప్రతి సూచనా మరో చోట ఉన్న మరో విషయానికి ముడిపడి ఉన్నప్పుడు, ఒక గుహ గోడను పక్కకు జరిపినా ఆ ముడులన్నీ మళ్ళీ చూసుకోవాలి.

అంతరిక్ష ఆటల్లో రెండో సంప్రదాయం కూడా ఉంది. 1984లో వచ్చిన ‘ఎలీట్’ ఒక్కొక్కదానిలో 256 గ్రహమండలాలున్న ఎనిమిది గెలాక్సీలను కొద్దిపాటి కిలోబైట్లలో ఇమిడ్చింది. గ్రహాలను ఒక్కొక్కటిగా దాచుకోకుండా ఒక గణిత సూత్రంతో అప్పటికప్పుడు పుట్టించడం దాని కిటుకు. 2016లో వచ్చిన ‘నో మ్యాన్స్ స్కై’ అదే దారిలో 2కు 64వ ఘాతం, అంటే సుమారు లక్షా 84 వేల కోట్ల కోట్ల గ్రహాల వరకు వెళ్ళింది. ఆ విస్తారానికి దాని అందం దానికుంది. కానీ సూత్రం పుట్టించిన గ్రహం మీద ఒక రాయి ఎందుకు అక్కడ ఉందని అడిగితే జవాబు ఉండదు. పొడుపు పెట్టాలంటే ఆ రాయిని ఎవరో ఒకరు కావాలని అక్కడ పెట్టి ఉండాలి. ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసే బృందం ఏడు గ్రహాలను చేత్తో కట్టడం, లక్షల గ్రహాలను సూత్రంతో కుమ్మరించడం కన్నా మేలని ఈ వ్యాసం అభిప్రాయం. పొడుపులే ఆటకు ప్రాణమనుకుంటే అసలు వేరే దారే లేదు.

చేత్తో కట్టిన ఏడు గ్రహాలూ నిశ్చలంగా కూర్చుంటే అవి కొద్ది గంటల్లో చప్పబడతాయి. ‘ఔటర్ వైల్డ్స్’ ఈ సమస్యను కాలంతో పరిష్కరించింది. అందులో ప్రతి 22 నిమిషాలకూ సూర్యుడు పేలిపోతాడు, కథ మళ్ళీ మొదటికి వస్తుంది, ఆటగాడికి తాను తెలుసుకున్నది మాత్రం గుర్తుంటుంది. ఆ 22 నిమిషాల్లో లోకం తన పని తాను చేసుకుపోతుంది. ఒకదాన్నొకటి చుట్టే జంట గ్రహాల్లో ఒకదాని మీది ఇసుక ధారగా లేచి రెండోదాని మీద పడుతూ ఉంటుంది. ఒక పక్క గుహలు నెమ్మదిగా పూడిపోతుంటే, ఇంకో పక్క పూడిపోయిన కట్టడాలు బయటపడుతుంటాయి. ఎక్కడికి వెళ్ళాలి అన్న ప్రశ్నకు ఎప్పుడు వెళ్ళాలి అన్నది జతకలవడంతో అదే స్థలం మూడు రకాల స్థలమవుతుంది. ఒక గ్రహాన్ని కట్టే శ్రమతో మూడు గ్రహాల ఫలితం రాబట్టడం చిన్న బృందానికి పెద్ద వరం.

ఈ గడియారం నిర్మాతల మెడకు కూడా తగులుకుంటుంది. ఒక గుహ పదో నిమిషానికి మూసుకుపోతుందనుకుంటే, ఆ సంగతి తెలియక పన్నెండో నిమిషంలో చేరినవాడికి ‘ఆలస్యమైంది’ అని తెలియజేసే ఆనవాలు అక్కడే ఉండాలి. లేకపోతే అతను దాన్ని ఎప్పటికీ మూసి ఉండే గోడగా లెక్కవేసుకుని మళ్ళీ ఆ వైపు రాడు. గుహ నోటి దగ్గర సగం పూడిన నిచ్చెన ఒకటి పెడితే చాలు, కిందికి దారి ఉండేదని అదే చెబుతుంది.

ఆటగాడి కంటికి కనపడని ఒక చిక్కు కంప్యూటరు లోపల ఉంది. ఆట ఇంజిన్లు, అంటే ఆటలు కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్లు, వస్తువుల స్థానాలను సాధారణంగా 32 బిట్ల సంఖ్యల్లో దాస్తాయి. ఆ సంఖ్య మొత్తంమీద ఏడు అంకెల వరకే నమ్మదగినది. లోకం నడిబొడ్డు నుంచి 10 కిలోమీటర్ల దూరంలో స్థానాన్ని మిల్లీమీటరు వరకు చెప్పగలిగిన సంఖ్య, 1,000 కిలోమీటర్ల దూరంలో 6 సెంటీమీటర్ల మెట్లుగా మాత్రమే చెప్పగలదు. అక్కడ నిలబడ్డ ఆటగాడి చేతిలోని పరికరం జ్వరం వచ్చినట్టు వణుకుతుంది, నేలకు ఆనిన ఓడ ఎగిరెగిరి పడుతుంది. రాకెట్లు కట్టి ఎగరేసే ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ ఆట తొలి రోజుల్లో దూరం వెళ్ళిన రాకెట్లు ఏ కారణమూ కనబడకుండా ముక్కలయ్యేవి. ఆటగాళ్ళు ఆ కనపడని శక్తికి సముద్ర రాక్షసి పేరు పెట్టి ‘క్రాకెన్’ అన్నారు. దీనికి విరుగుడు తలకిందులు ఆలోచన. ఆటగాణ్ణి ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంచి, మిగతా లోకాన్నంతటినీ అతని చుట్టూ జరపాలి. ‘ఔటర్ వైల్డ్స్’ చేసింది కూడా ఇదే. ఓడ నడుపుతున్నవాడు తాను సూర్యుడివైపు దూసుకుపోతున్నాననుకుంటాడు. లెక్కల్లో మాత్రం సూర్యుడే గ్రహాలను వెంటేసుకుని అతని వైపు వస్తుంటాడు.

ఇక గురుత్వం. ఈ వ్యాసానికి అసలు గుండెకాయ ఇదే కాబట్టి కాస్త నెమ్మదిగా వెళ్ళాలి.

ఒక బుల్లి గ్రహాన్ని తీసుకుందాం. వ్యాసార్ధం 250 మీటర్లు, ఉపరితలం మీద గురుత్వం దాదాపు భూమ్మీద ఉన్నంత. నిజంగా అలాంటి గోళం ఉండాలంటే దాని సాంద్రత భూమికన్నా 25 వేల రెట్లు ఎక్కువ కావాలి. ఆటలో ఆ ప్రశ్న ఎవరూ వేయరు, నేలమీద నడక సహజంగా ఉంటే చాలు. భూమిని విడిచిపోవడానికి సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి, ఈ బుల్లి గ్రహానికి సెకనుకు 71 మీటర్లు సరిపోతుంది. భూమికి దగ్గరి కక్ష్యలో ఒక చుట్టుకు గంటన్నర పడితే, ఇక్కడ కేంద్రం నుంచి 500 మీటర్ల దూరంలో ఉన్న గుండ్రటి కక్ష్యలో ఒక చుట్టు 89 సెకన్లలో పూర్తవుతుంది. కక్ష్యల శాస్త్రం మొత్తం ఒక టీ తాగే సమయంలో కళ్ళముందు జరిగిపోతుందన్నమాట. చిన్న ఆటకు అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు ఆ కక్ష్యలోనే ఆటగాడి ఓడకు 13 సెకన్లు ముందుగా, అంటే సుమారు 460 మీటర్ల అవతల, ఒక పాత అంతరిక్ష స్టేషన్ తిరుగుతోంది. దాన్ని అందుకోవడమే పొడుపు. ఎవరైనా మొదట చేసేది దానివైపు ముక్కు తిప్పి ఇంజిన్ పెంచడమే. సెకనుకు 2 మీటర్ల వేగం పెంచితే ఓడ పెద్ద కక్ష్యలోకి ఎక్కుతుంది, పెద్ద కక్ష్య చుట్టిరావడానికి 107 సెకన్లు పడుతుంది, తిరిగి వచ్చేసరికి 13 సెకన్ల దూరం కాస్తా 31 సెకన్లయి కూర్చుంటుంది. అదే 2 మీటర్ల వేగం తగ్గించి చూస్తే, ఓడ గ్రహానికి దగ్గరగా జారి, చిన్న కక్ష్యలో 76 సెకన్లకే చుట్టి వస్తుంది. సరిగ్గా అదే క్షణానికి స్టేషన్ కూడా అక్కడికి చేరుకుంటుంది. మళ్ళీ 2 మీటర్ల వేగం పెంచుకుంటే రెండూ పక్కపక్కన నిలుస్తాయి. ముందున్నదాన్ని అందుకోవడానికి బ్రేకు వేయాలి.

ఈ పొడుపును ఎవరూ కల్పించనక్కరలేదు, ప్రకృతే పొడిచి పెట్టింది. 1965 జూన్‌లో జెమినీ 4లో వెళ్ళిన అమెరికన్ వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్, తమ రాకెట్టు చివరి దశను చేరుకోవాలని దానివైపు ఇంజిన్ మండించి, ఇంధనం ఖర్చు చేసి, అందుకోలేక విరమించుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో జెమినీ 6ఏ లెక్క ప్రకారం వెళ్ళి జెమినీ 7ను చేరుకుంది. మన దేశంలో ఈ విద్య 2025 జనవరి 16న పట్టుబడింది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మీద బయల్దేరిన, ఒక్కొక్కటి 220 కిలోల రెండు ఇస్రో స్పేడెక్స్ ఉపగ్రహాలు ఆ రోజు కక్ష్యలో ఒకదానితో ఒకటి కలిశాయి. దగ్గరకు తెచ్చే ప్రయత్నంలో అవి అనుకున్నదానికన్నా ఎక్కువ జరగడంతో పని వాయిదా పడ్డ సంగతి ఆ వారం వార్తలు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ ఉపగ్రహాలకు ఆదేశాలు వెళ్ళింది బెంగళూరులో ఇస్రో ఉపగ్రహాలను నియంత్రించే ఇస్ట్రాక్ కేంద్రం నుంచి. అదే ఊళ్ళో మారతహళ్ళిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో రాత్రిళ్ళు సొంత ఆట కట్టుకుంటున్న తెలుగు కుర్రవాడికి, పొడుపుకు కావలసిన ముడిసరుకు పొరుగునే ఉంది.

ఇక్కడ చాలామంది నిర్మాతలు తెలియకుండానే ఒక గుంతలో పడతారు. గురుత్వం దూరం వర్గానికి విలోమంగా తగ్గాలన్నది న్యూటన్ సూత్రం. బుల్లి గ్రహం మీద ఈ సూత్రం ఇబ్బందిగా అనిపిస్తుంది. 250 మీటర్లు పైకెగిరితే చాలు, ఆకర్షణ నాలుగో వంతుకు పడిపోయి ఓడ తేలిపోతున్నట్టుంటుంది. అందుకని సూత్రాన్ని కాస్త సడలించి, దూరానికే విలోమంగా తగ్గేలా మార్చుకోవడం ఒక మార్గం. అప్పుడు అదే ఎత్తులో సగం ఆకర్షణ మిగిలి, ఎగరడం హాయిగా ఉంటుంది. కానీ 1873లో జోసెఫ్ బెర్‌ట్రాండ్ నిరూపించినట్టు, బంధించి ఉంచిన కక్ష్యలన్నీ మొదలైన చోటికే వచ్చి ముడిపడేవి రెండే రెండు సూత్రాల కింద. ఒకటి న్యూటన్‌ది, రెండోది స్ప్రింగులా దూరంతోపాటు పెరిగేది. సడలించిన సూత్రం కింద దీర్ఘవృత్తం మూసుకోదు. చుట్టు చుట్టుకూ కొంత పక్కకు తిరిగి, ముగ్గులో పువ్వు రేకుల్లా గీత గీస్తూ పోతుంది. బ్రేకు వేసి ఒక్క చుట్టులో అదే చోటికి తిరిగి రావడమన్న పొడుపు అక్కడితో చెడిపోతుంది. ఎగరడంలో హాయి కోసం మొదటి నెలలో మార్చిన ఒక్క అంకె, ఏడాది తరువాత కట్టబోయే పొడుపును ముందే చంపేస్తుంది. అందుచేత ఏ పొడుపులు పెట్టదలచుకున్నారో తేలాకే గురుత్వ సూత్రాన్ని ఖాయం చేసుకోవాలి. ఎగరడం మరీ కష్టమైతే పక్కనున్న వస్తువు వేగంతో ఓడ వేగాన్ని సమం చేసే మీట ఒకటి ఇవ్వవచ్చు. ‘ఔటర్ వైల్డ్స్’లోనూ అలాంటిది ఉంది, అది ఉన్నందువల్ల ఏ పొడుపూ పలచబడలేదు.

బ్రేకు సంగతి ఆటగాడికి చెప్పకుండా తెలియజెప్పడం తరువాతి పని. ‘ముందున్నదాన్ని అందుకోవాలంటే వేగం తగ్గించు’ అని పలక మీద రాస్తే పొడుపు అక్కడే ఆవిరైపోతుంది. ఏమీ చెప్పకపోతే పాఠ్యపుస్తకం చదివినవాడికే ఆట మిగులుతుంది. మధ్యే మార్గంగా, అంతకుముందే ఎక్కడో ఒక గదిలో తీగలకు గుచ్చిన పూసల్లా గ్రహాల నమూనా పెట్టవచ్చు. పూసను లోపలి తీగకు జరిపితే అది గబగబా చుట్టేస్తుంది, బయటి తీగకు జరిపితే నింపాదిగా తిరుగుతుంది. ఇంకోచోట శిథిలమైన ఓడలో చివరి రోజుల లెక్కల పుస్తకం దొరుకుతుంది. ఇంధనం రోజురోజుకూ తగ్గుతూ, స్టేషన్‌కు దూరం రోజురోజుకూ పెరుగుతూ ఉన్న రెండు వరసలు తప్ప అందులో ఒక్క వాక్యం కూడా ఉండదు. ఈ రెండింటినీ కలుపుకోవడం ఆటగాడి వంతు. ‘ఔటర్ వైల్డ్స్’ ఓడలోని చిట్టా ఇలాంటి చోట ఎంత దూరం సాయం చేయవచ్చో చూపిస్తుంది. అది తెలిసిన సంగతులను గీతలతో కలిపి చూపుతుంది, ఒక చోట చూడవలసింది ఇంకా మిగిలి ఉంటే ఉందని చెబుతుంది, ముగింపును మాత్రం ఆటగాడికే వదులుతుంది.

సూచనలు తెలుగులో రాసేవాళ్ళకు మన వ్యాకరణం ఒక కొత్త కష్టం తెస్తుంది, ఆ వెంటే ఒక అవకాశం కూడా ఇస్తుంది. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్న మాటల్లోనే మనిషి మగవాడో కాదో బయటపడుతుంది. తలుపు అవతల ఉన్నదెవరో దాచిపెట్టాలనుకున్న కథకు ఇది తలనొప్పి. ‘వచ్చారు’ అంటే ఆ చిక్కు తీరుతుంది, పైగా పాత నాగరికత మనుషులు ఒకరి గురించి ఒకరు గౌరవంగా రాసుకున్నట్టూ ఉంటుంది. అవకాశం ‘మనం’, ‘మేము’ల దగ్గర ఉంది. గోడమీద ‘మేము లోపలే ఉండిపోయాము’ అని రాసి ఉంటే చదువుతున్నవాడు బయటివాడు. ‘మనం లోపలే ఉండిపోయాం’ అని ఉంటే ఆ రాత తమలో ఒకరి కోసమే రాసింది, అంటే చదవవలసిన మనిషి కూడా లోపల మిగిలినవాళ్ళలో ఒకరేనన్నమాట. ఒక్క సర్వనామంలో ఒక పొడుపు మొత్తం పట్టేస్తుంది. ఇంగ్లీషులో రాసి తెలుగులోకి మార్చే ఆటకు ఇలాంటిది ఎప్పటికీ తట్టదు.

అక్షరాలను తెరమీద సరిగ్గా చూపడం ఇంకో పోరాటం. కొన్ని ఇంజిన్ల పాఠ్య వ్యవస్థలు వత్తులను, గుణింతాలను కూర్చలేక విడివిడిగా పడేస్తాయి. గోడమీది శాసనం అలా కనిపిస్తే, అది ఆటలోని రహస్య లిపి అనుకుని ఆటగాడు గంటసేపు కూర్చుంటాడు. 2023లో వచ్చిన గోడో 4 ఇంజిన్‌లో ఈ కూర్పు సహజంగానే ఉంది. తెలుగులో ఆట చేయదలచినవాళ్ళు మొదటి రోజే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మ్యా’ లాంటి మాటలు తెరమీద వేసి చూసుకుని ఆ తరువాతే ఇంజిన్ ఎంచుకోవడం మంచిది.

అన్నిటికన్నా ఖరీదైన వనరు పరీక్షించే మనిషి. బొమ్మల నాణ్యతను, ఓడ నడకను ఒకే మనిషి చేత వందసార్లు పరీక్షించవచ్చు. పొడుపును మాత్రం ఒక మనిషి చేత ఒక్కసారే పరీక్షించగలం, జవాబు తెలిశాక అతని కళ్ళు ఆ పొడుపుకు పనికిరావు. తయారుచేసినవాళ్ళ కళ్ళయితే మొదటి రోజునుంచే పనికిరావు. పెద్ద స్టూడియోలు డబ్బిచ్చి కొత్తవాళ్ళను రప్పించుకుంటాయి. బెంగళూరు పీజీలో ఉండి ఆట కట్టుకునేవాడికి ఉన్నది గదిలో ఇద్దరు, పక్క గదిలో ముగ్గురు, ఆదివారం ఆంధ్రా మెస్సులో కలిసే నలుగురు. వాళ్ళందరినీ మొదటి బిల్డ్‌కే, అంటే ఆడిచూడగలిగే తొలి రూపానికే, కూర్చోబెడితే, పొడుపు సరిదిద్దుకున్నాక చూపించడానికి ఒక్క తెలియని మనిషీ మిగలడు. పేర్లు కాగితం మీద రాసుకుని, బిల్డ్‌కు ఒకరిద్దరి చొప్పున ఖర్చుపెట్టుకోవాలి, ఎవరికి ఏ పొడుపు తెలిసిపోయిందో ఆ పేరు పక్కన గుర్తు పెట్టుకోవాలి.

కూర్చోబెట్టాక నోరు మెదపకపోవడం అన్నిటికన్నా కష్టం. అనంతపురం నుంచి వచ్చి పక్క మంచం మీద ఉండే కుర్రాడు స్టేషన్ వైపు ఓడను తోలుతూ, ‘ముందరికి తోలేకొద్దీ అది ఇంకా దూరం పోతాండాది కదన్నా, నీ ఆటలోనే ఏందో తప్పుండాది’ అంటాడు. ఆ మాటకు జవాబు చెప్పాలని నాలుక చివరిదాకా వస్తుంది. చెబితే ఒక మనిషి వృథా అయిపోతాడు. చెప్పకుండా, అతని చేయి ఏ నిమిషంలో మీట మీద ఆగింది, ఆగినప్పుడు కళ్ళు ఎటు తిరిగాయి, పూసల నమూనా ఉన్న గదికి మళ్ళీ వెళ్ళాడా లేదా అన్నది రాసుకోవాలి. ‘తప్పుండాది’ అన్న ఫిర్యాదు కూడా విలువైనదే. లోకం తప్పని అతనికి అనిపించిందంటే, లోకం ఒప్పని నమ్మించే ఆనవాలు అంతకుముందు చాలినంత పడలేదన్నమాట. వరసగా ముగ్గురు అదే మాట అంటే నమూనా ఉన్న గదిని దారికి దగ్గరగా జరపాలి. ముగ్గురూ మొదటి నిమిషంలోనే బ్రేకు వేస్తే లెక్కల పుస్తకంలో ఒక వరస తీసేయాలి.

కొన్నిసార్లు ఇంధనం అయిపోయి ఓడ తనంతట తాను కిందికి జారుతుంటే, స్టేషన్ దగ్గరవుతున్నట్టు అతనికి కనిపిస్తుంది. అప్పుడు గదిలో ఒక రకమైన నిశ్శబ్దం వస్తుంది. అతను మీట మీది నుంచి చేయి తీసి, కుర్చీలో ముందుకు వంగి, ఏమీ అడగకుండా ఆట మళ్ళీ మొదటినుంచి పెడతాడు. ఈసారి స్టేషన్ కనబడగానే ఓడ ముక్కును వెనక్కి తిప్పుతాడు. కాగితం మీద అతని పేరు పక్కన గుర్తు పెట్టవలసింది అప్పుడే.